గేటు బయటి క్యాంటీన్

ఎక్కడైనా హోటల్‌కి జనాన్ని పంపేది ఆకలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాత్రం ఫ్యాక్టరీ సైరన్! పొద్దున ఆరింటికో, మధ్యాహ్నం రెండింటికో, రాత్రి పదింటికో పాశమైలారం, బొల్లారం వైపు వెళ్తే ఆ సందడి తెలుస్తుంది. షిఫ్టు దిగినవాళ్లూ, ఎక్కబోయేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కలుస్తారు. పొద్దుటి పూరీ ఒకరికి టిఫిన్ అయితే, రాత్రంతా మేల్కొన్న మరొకరికి అదే భోజనం.

1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కనే ఇక్రిశాట్ వెలిసింది. తర్వాత మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు, ఇనుప సామాను తయారుచేసే యూనిట్లు ముంబయి రహదారి పొడవునా సంగారెడ్డి దాకా విస్తరించాయి. పెద్ద సంస్థల్లో అయితే క్యాంటీన్ లోపలే ఉంటుంది. మరి చిన్న యూనిట్లలో? గేటు ఎదుటి రేకుల షెడ్డే క్యాంటీన్!

దీనికో కారణం ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో క్యాంటీన్ నిబంధన 250 మందికి మించి పనిచేసే చోట్లకే వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ సంఖ్యను వందకు తగ్గించింది. కాంట్రాక్టు కార్మికుల్నీ ఆ లెక్కలో కలిపింది. మంచిదే. కానీ అరవై మందితో నడిచే యూనిట్ సంగతేంటి? అక్కడివాళ్ల కడుపు నింపే పూచీ ఇప్పటికీ బండివాడిదే.

అరగంటే టైమ్

వరసగా ఐదు గంటలకు మించి పనిచేయించకుండా మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని పాత చట్టం చెప్పింది. ఇక్కడి హోటళ్ల మెనూ రాసింది ఆ అరగంటే. గేటు దాటి రావాలి, చేతులు కడుక్కోవాలి, తినాలి, మళ్లీ మిషన్ ముందు నిలబడాలి. దోసె చెప్పి కూర్చుంటే సగం సమయం పెనం మీదే పోతుంది. అందుకే ముందే వండి సిద్ధంగా ఉంచేవే ఎక్కువ. ఇడ్లీ, ఉప్మా, పులిహోర, ప్లేట్ మీల్స్... చేయి చాపితే అందాలి.

గదికి నలుగురైదుగురు చొప్పున ఉండే బ్యాచిలర్లకు కర్రీ పాయింట్లే దిక్కు. అన్నం గదిలో వండుకుంటారు. పప్పో, వేపుడో పొట్లం కట్టించుకుని వెళ్తారు. సిలిండర్ కలిసొస్తుంది, నిద్రకు ఓ గంట మిగులుతుంది.

ఖాతాల రాయి!

'అన్నా, రెండు చాయ్... ఖాతాల రాయి' అంటే చాలు. పుస్తకంలో ఓ గీత పడుతుంది. జీతం చేతికందాక లెక్క తేలుతుంది. ఇప్పుడు ప్రతి కొట్టులో స్కానర్ బోర్డు వేలాడుతోంది. అయినా పుస్తకం పోలేదు. ఫోన్‌లో డబ్బులున్నప్పుడే కదా స్కానింగ్!

చిక్కంతా జీతం ఆలస్యమైనప్పుడే. ఆ దెబ్బ కార్మికుడి తర్వాత తగిలేది టీ కొట్టుకే. పాలవాడు ఆగడు, గ్యాస్ బండ అప్పుకి రాదు. యూనిట్ మూతపడితే పుస్తకంలోని పేర్లు రైలెక్కి సొంతూళ్లకు వెళ్లిపోతాయి. అలాగని కొత్తవాడికి ఖాతా లేదంటే గిరాకీ పక్క కొట్టుకి పోతుంది. చాయ్ కాచడం కన్నా ఎవరిని నమ్మాలో తెలుసుకోవడమే ఇక్కడ అసలు వ్యాపారం.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఓ ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఎవరెక్కణ్నుంచి వచ్చి ఇక్కడ చెమటోడుస్తున్నారో ఆ రోజున దేశమంతా విన్నది. గేటు ముందు కొట్లకు మాత్రం అది రోజూ తెలిసిన సంగతే. ఎవరికి అన్నం కావాలో, ఎవరికి రోటీ కావాలో మొహం చూసి చెప్పగలరు మరి.

జొన్నరొట్టె కారెక్కింది

సాయంత్రమైతే రోడ్డు పక్కన జొన్నరొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. సంగారెడ్డి, జహీరాబాద్ నేలలకు జొన్న పాతకాలపు చుట్టం. ఇక్రిశాట్ పరిశోధించే ముఖ్యమైన పంటల్లో అదీ ఒకటి. ఒకప్పుడు వరి కొనలేని ఇళ్ల తిండి. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లు కారాపి మరీ కట్టించుకుంటున్నారు. ఒక్కో రొట్టె చేత్తో తట్టి కాల్చాలి కాబట్టి కాస్త ఆగాలి. ఆగే తీరిక లేని షిఫ్టు కుర్రాడు మైదా పరోటాతో సరిపెట్టుకుంటాడు. ఇక్కడి పంట దారిన పోయేవాళ్లకి, ఎక్కడిదో మైదా ఇక్కడ పనిచేసేవాళ్లకి!

ఈసారి సంగారెడ్డి వైపు వెళ్తే దారిలో ఆగి కడక్ చాయ్ తాగండి. సైరన్ మోగిందంటే మాత్రం కాస్త పక్కకి జరగండి. మీ చాయ్ ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు. వాళ్లకున్నది అరగంటే!