సైన్యం కొత్తది, పద్దు పాతదే

యుద్ధం ముగిసిన దేశంలో కొత్త సైన్యాన్ని కట్టొచ్చు. దాన్ని నడిపే రక్షణ శాఖను బాగుచేయడమే కష్టం. ఈ మాటకు లైబీరియాయే సాక్ష్యం.

1989 నుంచి 2003 దాకా రెండు అంతర్యుద్ధాల్లో ఆ పశ్చిమాఫ్రికా దేశం బుగ్గిపాలైంది. జనం మీదే తుపాకీ ఎత్తిన పాత సైన్యాన్ని రద్దు చేశారు. అమెరికా డబ్బుతో, డైన్‌కార్ప్ అనే ప్రైవేటు కంపెనీ శిక్షణతో సుమారు 2,000 మంది సైన్యాన్ని తయారుచేశారు. ఒక్కొక్కరి గత చరిత్ర ఆరా తీశాకే చేర్చుకున్నారు. బాగుంది. మరి శాఖ ఖాతాలను ఆరా తీసిందెవరు?

సైనికుల జీతాల్లోంచి పొదుపు పేరిట కోసిన సొమ్మును దుర్వినియోగం చేశాడని మాజీ రక్షణ మంత్రి బ్రౌనీ సముకాయ్‌ని 2020లో కోర్టు దోషిగా తేల్చింది. 2021లో సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. అయినా మారిందేమిటి? 2024 ఫిబ్రవరిలో జీతాల కోసం, పెన్షన్ల కోసం సైనికుల భార్యలే రోడ్లు దిగ్బంధించారు. కొత్త రక్షణ మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది.

మంత్రి దిగిపోతే సంస్కరణ అయిపోదు. జీతమెంత, కోతెంత, ఆ కోత ఏ ఖాతాకు పోయింది? సైనికుడు అడిగితే చెప్పాలి. చట్టసభ అడిగితే చూపాలి. సంస్కరణంటే ఇదేనని మేమంటాం. నెలజీతం మీద బతికే ఉద్యోగులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. కాపలావాడి కడుపు కొట్టి శాంతిని కాపాడమంటే ఎట్లా?