పాలమూరు ఎఫ్‌ఎంలో పాలమూరు పాట ఉంటుందా?

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ప్రైవేటు ఎఫ్‌ఎం లేని 234 ఊళ్ళల్లో 730 చానెళ్ళు వేలం వేస్తారట. ఆ జాబితాలో మన నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట కూడా ఉన్నాయి. సంతోషమే! హైదరాబాదు ఎఫ్‌ఎం వింటూ కారులో బయల్దేరితే ఇటు చౌటుప్పల్, అటు షాద్‌నగర్ దాటి కొంత దూరం పోయేసరికి గరగర మొదలవుతుందని ఈ రోడ్లమీద తిరిగే అందరికీ తెలుసు.

కానీ నా ప్రశ్న టవర్ గురించి కాదు. ఆ టవర్ నుంచి వచ్చే పాటని ఎవరు ఎంచుతారు అని.

హైదరాబాదులో 2006లో ప్రైవేటు ఎఫ్‌ఎంలు మొదలైన కొత్తల్లో ఒకే పూటలో ఘంటసాల, ఇళయరాజా, రెహమాన్ అందరూ వినబడేవాళ్ళని నాకు గుర్తు. రానురాను ఆ వరస సన్నబడింది. ఇప్పుడు పొద్దున ఆఫీసుకి పోతూ విన్న పాటే సాయంత్రం తిరిగొస్తూ మళ్ళీ వింటున్నాను. స్టేషన్ మార్చినా అదే పాట, కాకపోతే రెండో చరణం :)

పాపం, ఇందులో ఆర్జేల తప్పేం లేదు. చాలా స్టేషన్లలో పాటల వరస వేసేది సాఫ్ట్‌వేరు. ఆర్‌సీఎస్ అనే అమెరికా కంపెనీ వాళ్ళ 'సెలెక్టర్' 1970ల చివర్లోనే మొదలైంది. పద్ధతి సింపుల్. ప్రతి పాటకీ ఒక వర్గం ఉంటుంది: కొత్త హిట్టు, కాస్త పాతది, బాగా పాతది. ఏ గంటలో ఏ వర్గం ఎన్నిసార్లు రావాలో ముందే రాసిపెడతారు. ఒకే గాయకుడి పాటలు వెంటవెంటనే రాకూడదు, ఒకే పాట ఇన్ని గంటల్లోపు తిరిగి రాకూడదు, ఇలా కొన్ని రూల్స్. కోడు రాసుకు బతికేవాడిగా చెప్తున్నా, లాజిక్కులో వంక పెట్టడానికి లేదు. కానీ ఏ ప్రోగ్రామైనా డేటాబేసులో ఉన్నదాన్నే తీసి ఇస్తుంది. అందులోకి ఎక్కని పాటకి మార్కులు తక్కువ రావడం కాదు, అసలు హాల్ టికెట్టే ఉండదు.

దర్శనం మొగిలయ్య గారి సంగతే చూడండి. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ ఆయనది. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుకుంటూ ఊరూరా తిరిగిన మనిషి. ఆయన గొంతు ఎఫ్‌ఎంలో ఎప్పుడు మోగింది? 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్ మొదట్లో ఆయన పాడాక. 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. అంటే పాలమూరు కిన్నెర పాలమూరుకి వినబడాలన్నా పవన్ కళ్యాణ్ సినిమా మీదుగా రావాలన్నమాట!

మరి పాత రేడియోలో అంతా బాగుండేదా అంటే, కాదు. అక్కడా ఎవరో ఆఫీసరే నిర్ణయించేవారు. అయితే జనరంజని లాంటి కార్యక్రమాలకి జనం కార్డు ముక్క రాసేవాళ్ళు. పాటకి ముందు అడిగినవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు చదివేవాళ్ళు. ఏ మారుమూల పల్లె పేరో రేడియోలో వినబడేది. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అదే వాళ్ళ యూజర్ డేటా.

ఇది మనకొక్కళ్ళకే వచ్చిన కష్టం కాదు. వాషింగ్టన్ చుట్టుపక్కల డబ్ల్యూహెచ్ఎఫ్ఎస్ అని ఒక పేరుమోసిన రాక్ స్టేషన్ ఉండేది. 1970ల్లో అక్కడి డీజేలు తమకి నచ్చిన రికార్డు తామే వేసేవాళ్ళు. తర్వాత ఆల్టర్నేటివ్ రాక్ అన్నారు, ప్లేలిస్టు అన్నారు, చేతులు మారింది. 2005 జనవరి 12న ఉన్నట్టుండి 99.1లో రాక్ ఆగిపోయి స్పానిష్ పాటలు మొదలయ్యాయి. స్పానిష్ వాళ్ళకి స్టేషన్ ఉండటం న్యాయమే. నాకు అర్థమైంది మాత్రం ఒకటే: పాట ఎంచే పని ఊరి చేతిలోంచి పోయాక, ఆ స్టేషన్ ఏమవ్వాలో కూడా ఊరి చేతిలో ఉండదు.

నల్గొండ, మహబూబ్‌నగర్లకి అసలు భయం ఇక్కడే. 2011 నాటి మూడో దశ ఎఫ్‌ఎం విధానం ప్రకారం ఒక కంపెనీ తన చానెళ్ళన్నిటినీ దేశమంతటా కలిపి ఒకే కార్యక్రమం వేసుకోవచ్చు. కొత్త చానెళ్ళతో స్థానిక యాసలకి, సంస్కృతికి ఊతం వస్తుందని 2024లో ప్రభుత్వం చెప్పింది. ఒకపక్క ఊతం అంటూ ఇంకోపక్క నెట్‌వర్క్‌కి గేట్లు తెరిస్తే, లాభం చూసుకునే కంపెనీ ఏది ఎంచుకుంటుందో చెప్పాలా? హైదరాబాదు ప్లేలిస్టే ఇక్కడా వస్తుంది, మధ్యలో మన షాపుల ప్రకటనలు తప్ప.

"జానపదాలు ఎవడు వింటాడండీ" అనేవాళ్ళున్నారు. 2021లో 'బుల్లెట్టు బండి' మోగని పెళ్ళి ఉందా? 'రాను బొంబయికి రాను' యూట్యూబులో కోట్లసార్లు చూశారు. బొంబాయికి వలసపోవడం అంటే ఏంటో పాలమూరోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవేవీ సినిమా పాటలు కావు. వినేవాళ్ళు లేరన్నది అబద్ధం, వాళ్ళని లెక్కలోకి తీసుకోలేదన్నదే నిజం.

"ఫోనుండగా రేడియో ఎందుకు" అంటే, ఫోను నేను ఇప్పటికే విన్నదాని లాంటిదే మళ్ళీ ఇస్తుంది. పక్కూరి ముసలమ్మ పాడిన నాట్ల పాట దానంతట అది నా దాకా రాదు. ఎవరో మనిషి పనిగట్టుకుని వినిపించాలి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరు నుంచి దళిత మహిళలు సంగం రేడియో నడిపి చూపించారు. పెద్ద చదువుల్లేని ఆడవాళ్ళే పాట ఎంచగలిగితే లైసెన్సు కొనే కంపెనీ ఎంచలేదా?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. రోజుకి మూడు గంటలు ఆ జిల్లాలోనే ఎంచి, ఆ జిల్లాలోనే రికార్డు చేసిన పాటలు వెయ్యాలని లైసెన్సులో రాయాలి. ఊరికే వద్దు, ఏటా కట్టే 4 శాతం ఫీజులో కొంత తగ్గించండి. ఈశాన్య రాష్ట్రాల చానెళ్ళకి మొదటి మూడేళ్ళు సగం ఫీజే అని ఇదే విధానంలో ఉంది కదా. అలాగే ప్రతి స్టేషన్లో పాటలు చూసుకునే మనిషి ఒక్కరైనా ఆ ఊళ్ళోనే కూర్చోవాలి.

మిగతా ఇరవయ్యొక్క గంటలు తమన్ పాటలే వేసుకోండి, నేనూ వింటాను. ఆ మూడు గంటలు మాత్రం మావి.

ఏమంటారు?