వార్డెన్ సంతకం



తెలుగు పాఠాలు చెప్పుకునే నీకు సైన్సు గోలెందుకు అంటారు కొందరు. చెప్తాను.

2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ అధ్యయనం అది. వాళ్ళలో ఆదివాసీ, దళిత హాస్టళ్ళ పిల్లలు చాలామంది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద ఉన్నవి వార్డెన్ల సంతకాలని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే చెప్పింది.

నేను టీకాకు వ్యతిరేకిని కాదు. ఆ టీకా పనిచేస్తుంది. మా చిన్నమ్మ ఆ క్యాన్సర్‌తోనే పోయింది. కూలికి పోయే మనిషి. తెల్లబట్ట అవుతోందని రెండేళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు. ముందే పరీక్ష చేసి ఉంటే బతికేది.

ఆ మాటకు రుజువు మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ పల్లెల్లో దొరికింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లో తేలింది. పోల్చి చూడ్డానికి పరీక్ష చేయకుండా ఉంచిన 31,488 మంది ఆడవాళ్ళలో 64 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ అధ్యయనానికి ప్రశ్న రాసిన బల్ల దగ్గర ఆ పల్లెల కూతుళ్ళు ఎంతమంది కూర్చున్నారు?

నా దగ్గర డిగ్రీ చదివిన మాదిగ అమ్మాయి ఒకామె ఆ బల్ల దాకా పోవాలనుకుంది. ఆడవాళ్ళు ఇంట్లోనే తమంతట తాము నమూనా తీసుకునే పరీక్ష మీద పీహెచ్‌డీ. ఎనిమిది నెలలు ఫెలోషిప్ రాలేదు. తొమ్మిదో నెలలో ప్రైవేటు బడిలో చేరింది. "క్యాన్సర్ ఆగుతుందేమో గానీ అప్పులోడు ఆగట్లేదు సార్" అంది.

ఉస్మానాబాద్ ఫలితానికి పదేళ్ళు పట్టింది. నివారణ పరిశోధన అంటేనే ఏళ్ళ తరబడి ఓపిక. ఆస్తి ఉన్న ఇంటి బిడ్డకు ఆ ఓపిక ఉంటుంది. ఎనిమిది నెలలు తిండికి వెతుక్కునే బిడ్డ పదేళ్ళ ప్రశ్నను ఎట్లా ఎత్తుకుంటుంది? రోహిత్ చివరి ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్ బాకీ ఉంది. మర్చిపోకండి.

మెరిట్ అని మొదలుపెట్టకండి. జీతంలా నెలనెలా ఫెలోషిప్ వేయండి. యువ శాస్త్రవేత్తల గ్రాంట్లలో ఎస్సీ, ఎస్టీలకు ఎంత దక్కిందో ఏటా లెక్క బయటపెట్టండి. నివారణకు, ముందే గుర్తించే పరిశోధనకు ఇచ్చే డబ్బును జిల్లా యూనివర్సిటీల దాకా రానివ్వండి.

టీకా వేయడానికి మా పిల్లల చేతులు పనికొచ్చాయి. పరిశోధన పత్రం మీద సంతకం పెట్టడానికి ఎందుకు పనికిరావు?

జై భీమ్.