ద్రాక్షతోటల విషయమై మన సంఘము చేయవలసిన పని



అప్పు దరఖాస్తులతో సంఘమునకు వచ్చువారిలో కొందరు ఇటీవల ద్రాక్షతోటల మాట ఎత్తుచున్నారు. టమాటా ధర ఒకనాడు ఆకాశము నంటి, మరియొకనాడు కోతకూలికి సైతము చాలక, పంటను గట్టున పారబోయవలసి వచ్చుటచే విసిగినవారు వీరు. కర్ణాటకమున చిక్కబళ్ళాపురము వైపు పోయి, పందిళ్ళక్రింద వ్రేలాడు నల్లని గుత్తులను జూచి వచ్చి, "అచ్చట పండునది ఇచ్చట నేల పండదు?" అని అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కాని పండునా పండదా యన్నది అప్పుచేసిన రైతు తన యెకరములో తేల్చుకొనవలసిన సంగతి కాదనియు, పరిశోధన మడిలో ముందుగా తేలవలసిన సంగతియనియు నా యభిప్రాయము.

ఆశకు ఆధారము లేకపోలేదు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. వైను, అనగా ద్రాక్షసారాయమునకు, దేశమున పేరుగాంచిన నాసిక్కు ఇంతకంటె ఎత్తయినది కాదు. మనకు పొరుగుననే నంది కొండల పాదమున 1980 దశకము చివర గ్రోవరువారు ఫ్రెంచి రకములను నాటి, వాటితో వైను తీసి విక్రయించిరి. తెలుగువారికి ద్రాక్ష క్రొత్తయు కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర హైదరాబాదున వెలసిన అనాబ్-ఎ-షాహీ రకము ఆ నగరము చుట్టును వేల యెకరములకు వ్యాపించెను. రాజేంద్రనగరమున ద్రాక్షకై ప్రత్యేక పరిశోధన కేంద్రము వెలసినది. పిదప నగరమే పెరిగి ఆ తోటలలో పెక్కింటిని మ్రింగివేసినది.

ఇక చిక్కు ఎచ్చట నున్నదో చూతము. చలిదేశములలో ద్రాక్షతీగ శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. మన దక్షాపథమున దానికి ఆ నిద్ర లేదు. కావున ఏటికి రెండుమార్లు కత్తిరింతురు: ఏప్రిలు ప్రాంతమున కొమ్మ కట్టుటకు ఒకమారు, అక్టోబరు ప్రాంతమున కాపునకు ఒకమారు. రెండవ కత్తిరింపు పిమ్మట మొగ్గలు మేలుకొనుటకై హైడ్రోజన్ సయనమైడు అను మందు పూయుదురు. (ఆ మందు ముట్టినవాడు దానికి ముందు వెనుక దినములలో మద్యము త్రాగరాదు, త్రాగిన ప్రాణమునకు ముప్పు. వైను ద్రాక్ష సాగులో ఇదియొక వింత.) నాసిక్కున అక్టోబరు నాటికి వానలు వెనుకకు పోవును. మనకో, ఈశాన్య ఋతుపవనము వచ్చునదే అప్పుడు; బంగాళాఖాతమున తుపాను లేచిన మూడు నాలుగు దినములు ముసురు విడువదు. లేత చిగురు మీద, పూత మీద ఆ ముసురు పట్టెనా, బూజు తెగులు గుత్తిని గుత్తిగా తుడిచిపెట్టును. కత్తిరింపును నెల వెనుకకు జరిపిన, పండు పక్వమగునది ఎండలు ముదిరిన కాలమున. అప్పుడు రాత్రులు వెచ్చనై పండులోని పులుపు తరిగిపోవును. పులుపు తగ్గిన ద్రాక్ష తినుటకు బాగుగనే యుండవచ్చును గాని, వైనుకు చప్పనిది. గుర్రంకొండకు, పుంగనూరుకు, కుప్పమునకు తగిన కత్తిరింపు తేది ఏది? పూనా పుస్తకమున దీనికి జవాబు దొరకదు. మన మట్టిలో, మన వానలలో మూడు నాలుగేండ్లు చూచినగాని తెలియదు.

వైను ద్రాక్షయు, తిను ద్రాక్షయు ఒకటి యని తలచువారును కలరు. తిను ద్రాక్షకు పెద్ద గింజలేని పండు, నిండు కాపు కావలెను. వైను ద్రాక్ష చిన్నది, తోలు మందము, గింజ గలది. చక్కెర పాలును రంగును నిలుపుటకై కాపునే కావలెనని తగ్గింతురు. బండి నిండినకొలది ధనమని నమ్మిన మనకు ఇది మింగుడుపడని మాటయే.

ఇక్కడ ఒక ముచ్చట. సీమపండ్లలో బెర్రీలని పిలుచువాటిని పట్టణములలో గొప్పగా కొనుచున్నారు. వృక్షశాస్త్రము ప్రకారము ద్రాక్ష నిజమైన బెర్రీ; మన టమాటాయు నిజమైన బెర్రీయే. స్ట్రాబెర్రీ మాత్రము ఆ లెక్కకు రాదు! ఆ లెక్కన మదనపల్లె సంత ఏనాటినుండియో బెర్రీల సంతయే గదా.

పరిశోధన ఫలించిన తార్కాణమునకు దూరము పోనక్కరలేదు. మన మల్బరీ తోటలున్నవి. మైసూరులోని కేంద్ర పట్టుపరిశోధన సంస్థవారు వి-1 రకమును 1997లో విడుదల చేసిరి. దాని ఆకు దిగుబడి జూచి మన ప్రాంతమున పట్టుపురుగులు పెంచువారు పాత రకములను తీసి దానిని నాటిరి. అది రైతు పొలమునకు వచ్చులోపల ఎన్నో మడులలో తూచబడి వచ్చినది. ద్రాక్షకును ఆ మర్యాద జరుగవలెను.

రకములు లేకపోలేదు. బెంగుళూరు చెంత హెసరఘట్టమున 1967లో స్థాపింపబడిన భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు వైను కొరకు అర్క సోమ, అర్క తృష్ణ మున్నగు సంకరములను కల్పించిరి. అర్క తృష్ణకు తల్లి బెంగుళూరు బ్లూ. పొరుగు జిల్లాలలో ఏటికి రెండు కాపులిచ్చు మొండి రకమిది. పూనా చెంత మాంజరిలో 1997 నుండి జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రము నడచుచున్నది. కరవును, చౌటినీటిని తట్టుకొను డాగ్‌రిడ్జి వేరుమూలము మీద అంటుకట్టు పద్ధతి మహారాష్ట్రమున ఎంతటి తోటలను నిలిపెనో అందరెరిగినదే. మన బోరుబావుల నీరు ఏటికేడు లోతుకు పోవుచున్నది. అడుగు నీటిలో ఉప్పు పెరుగును. నీటి పరీక్ష లేక వేరుమూలము నెంచుట కన్ను మూసికొని బావి దాటుట వంటిది.

పండినను కొనువాడెవడు? వైను తీయుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను. మద్యము రాష్ట్రముల అధికారములోనిది. రైతు తన యింట ద్రాక్ష పిండి సీసాలలో పోసి అమ్ముకొనజాలడు. ఒక్క కార్ఖానాను నమ్మి నాటినవాడు ఆ కార్ఖానా చెప్పిన ధరకే తలయొగ్గవలెను. తిను ద్రాక్షకును గండములు లేకపోలేదు: 2010లో క్లోర్‌మెక్వాట్ అను మందు అవశేషము కనబడుటచే ఐరోపావారు మన దేశపు ద్రాక్షను త్రిప్పి కొట్టగా, ఎందరో రైతులు నష్టపడిరి. అయినను మహారాష్ట్ర రైతులు 1991లోనే తమ సహకార సంఘములను కూర్చి మహాగ్రేప్స్ అను పేర ఎగుమతికి పూనుకొనిరి. శీతలగిడ్డంగులు, పరీక్షలు, బేరము అన్నియు కలసి చూచుకొనిరి. ఒంటరి రైతుకు అది సాధ్యమగునా?

నేరేడును, వాక్కాయను మరువరాదు. నేరేడు మన వంకల గట్టులందు నీరు పెట్టకయే పెరుగును. కలేపండు మన కొండ పొదలలోనిదే. వాక్కాయ దాని దాయాది. గుజరాతులోని గోధ్రా కేంద్రమువారు నేరేడులో గోమా ప్రియాంక, వాక్కాయలో థార్ కమల్ అను ఎంపిక రకములను ఇచ్చిరి. నేరేడు కోసిన రెండు మూడు దినములకే చెడును, నిజమే. అయినను పందిరి ఖర్చు లేని పంట, బోరు ఎండినను చావని చెట్టు. ద్రాక్షకు మడి కోరునప్పుడు వీటికిని ప్రక్కనే ఒక వరుస కోరుట తగును.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును పెట్టవలెనని నా మనవి. ద్రాక్షతోటకై ఈ సంవత్సరము సంఘము విడి అప్పులు ఇయ్యరాదు. దానికి మారుగా సంఘ నిధినుండి అర యెకరము కౌలుకు తీసికొని, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రమువారిని, వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయమువారిని, హెసరఘట్టమువారిని వ్రాతపూర్వకముగా అడిగి, నాలుగైదు రకములను రెండు కత్తిరింపు తేదీలతో నాటింపవలెను. వాన, తెగులు, మందు, కూలి, గుత్తి బరువు, చక్కెర పాలు అన్నియు ఒక పుస్తకమున ప్రతి వారము వ్రాయవలెను. ఆ పుస్తకము సంఘపు బల్లమీద ఎల్లవారికి తెరచి యుండవలెను. నష్టము వచ్చిన అది అందరిదియై ఒక్కొక్కరి వంతున కొద్దిపాటి రూకలే యగును. మట్టి, నీటి నమూనాలను తీయు పని ఉగాదికి ముందే ముగింపవచ్చును. అందుకు గుర్రంకొండ, వాల్మీకిపురము సభ్యులలో పొలము చూపగోరువారు కార్యదర్శిగారికి తెలుపుదురు గాక.