లోలియా నగలు, తాతగారి లూటీ

ప్రాచీన రోమ్ నగల గురించి ఏ వ్యాసం తెరిచినా లోలియా పౌలినా ఎదురవుతుంది. ఒక మామూలు నిశ్చితార్థపు విందుకి ఆమె జుట్టు, చెవులు, మెడ, వేళ్ళు అన్నీ పచ్చలతో, ముత్యాలతో నింపుకుని వచ్చిందనీ, వాటి ఖరీదు 4 కోట్ల సెస్టర్సులనీ, అడిగితే చూపించడానికి పత్రాలు కూడా సిద్ధంగా ఉంచుకుందనీ ప్లినీ రాశాడు. రోమన్ స్త్రీల నగల పిచ్చికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అదే పేరాలో ప్లినీ ఇంకో మాట కూడా రాశాడు. దీన్ని మాత్రం అంత ఇష్టంగా ఎవరూ ఎత్తి చూపరు. ఆ నగలు తాత మార్కస్ లోలియస్ సంపాదన. రాష్ట్రాలను కొల్లగొట్టి, తూర్పు దేశాల రాజుల దగ్గర కానుకలు మేసి, పరువు పోయి విషం తాగి చచ్చాడాయన. లూటీ తాతది, అపకీర్తి మనవరాలిది!

ఆ మనవరాలి బతుకు చూడండి. క్రీ.శ. 38లో కలిగులా చక్రవర్తి ఆమెను భర్త దగ్గర్నుంచి రప్పించి పెళ్ళాడాడు. కొద్దికాలానికే వదిలేసి, ఇంకే మగాడి దగ్గరికీ వెళ్ళకూడదని ఆంక్ష పెట్టాడు. 49లో జ్యోతిష్కులను సంప్రదించిందన్న నేరం మోపి, ఆస్తి లాక్కుని దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఆ తర్వాత ఆమె చావు చూడటానికి సైనికాధికారిని పంపారు. (నేరం మోపించింది అగ్రిప్పినా, అంటే ఆడదానికి ఆడదే శత్రువు అనేవాళ్ళుంటారు. సెనేట్‌లో నిలబడి ఆమెకు వ్యతిరేకంగా మాట్లాడింది క్లాడియస్ చక్రవర్తి.)

ఈ కోపం పాతదే. క్రీ.పూ. 215లో హానిబాల్‌తో యుద్ధం నడుస్తుండగా ఒప్పియన్ చట్టం వచ్చింది. ఏ స్త్రీ దగ్గరా అర ఔన్సుకి మించి బంగారం ఉండకూడదు. మన లెక్కలో రెండు కాసులైనా కాదు. యుద్ధం 201లో ముగిసినా చట్టం పోలేదు. 195లో ఆడవాళ్ళు వీధుల్లోకొచ్చి దారులు అడ్డగిస్తే గానీ రద్దు కాలేదు. కేటో వ్యతిరేకించడంలో వింతేమీ లేదు. నన్ను గుచ్చింది వాళ్ళ పక్షాన మాట్లాడిన వలేరియస్ వాదన, లివీ రాసిన ప్రకారం: వీళ్ళకి పదవులు లేవు, విజయోత్సవాలు లేవు, నగలైనా ఉండనివ్వండి. పదవులెందుకు లేవో ఆయన అడగలేదు.

పచ్చ బదులు ఆకుపచ్చ గాజు పొదిగిన బంగారు కమ్మల్నీ వదల్లేదు మన పండితులు. అవి 'నకిలీ'వట. రాయి పెట్టుకుంటే దురాశ, గాజు పెట్టుకుంటే వంచన.

భారతదేశానికీ, చైనాకీ, అరేబియాకీ ఏటా 10 కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయనీ, మన విలాసాలకీ మన ఆడవాళ్ళకీ అవుతున్న ఖర్చు ఇదనీ ప్లినీయే వాపోయాడు. మన తీరం నుంచి ఆ ఓడల్లో మిరియాలు బస్తాలకి బస్తాలు వెళ్ళాయి. అవి మగవాళ్ళు తినలేదా?