నమ్మకం మీది, మందు నాది

మందుల షాపు వాళ్ళకి సొంత నమ్మకాలు ఉండకూడదా అంటారు. ఎందుకుండకూడదండీ, నిక్షేపంగా ఉండొచ్చు. కానీ ఆ నమ్మకం బరువు నా నెత్తిన పెడతానంటేనే గొడవ.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2002లో ఒక కాలేజీ అమ్మాయి, డాక్టరు రాసిన గర్భనిరోధక మాత్రల కోసం షాపుకి వెళ్ళింది. తన మతం ఒప్పుకోదని ఫార్మసిస్టు ఇవ్వనన్నాడు. పోనీ ఇంకో షాపుకి బదిలీ చెయ్యమంటే అదీ చెయ్యలేదు! రోజూ వేసుకోవాల్సిన మాత్ర అది. 2005లో అక్కడి ఫార్మసీ బోర్డు అతన్ని మందలించి, లైసెన్సుకి షరతులు పెట్టింది. మంచి పని చేసింది.

"వేరే షాపుకి వెళ్ళొచ్చుగా" అంటారు. ఊరికి ఒకటే షాపుంటే? చంకలో పసిబిడ్డ ఉంటే? పైగా అదే మాత్రని అధిక రక్తస్రావానికీ, పీసీఓడీకీ కూడా రాస్తారు. కౌంటరు దగ్గర అందరి ముందూ అదంతా విప్పి చెప్పుకోవాలా? గర్భం రాకుండా ఉండడానికే అయినా సరే, అది ఆవిడకీ డాక్టరుకీ మధ్య విషయం.

మన బజారులో ఉల్లిపాయ కూడా ముట్టని షాపాయన రోజూ క్యాప్సూళ్ళు అమ్ముతాడు. చాలా క్యాప్సూళ్ళ పైతొడుగు జంతువుల ఎముకలూ చర్మాల నుంచి తీసిన జెలటిన్. ఆయన నిష్ఠకేం భంగం రాలేదే!

వాషింగ్టన్ రాష్ట్రం 2007లో పెట్టిన నియమం నాకు నచ్చింది. ఇష్టం లేని ఉద్యోగి పక్కకి తప్పుకోవచ్చు, అక్కడే ఇంకొకరు ఇవ్వాలి. షాపు మాత్రం కాదనకూడదు. ఒక షాపు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, 2016లో కోర్టు ఆ కేసు వినలేదు.

తప్పుకోండి, అభ్యంతరం లేదు. దారికి అడ్డం మాత్రం నిలబడకండి.