ఇంజను లేని జీపు

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, "నీ జీపు గురించి మాత్రం రాయొద్దురా" అని గదిలోని మిత్రులు ముందే హెచ్చరించారు. అయినా దాన్ని గురించే రాస్తున్నాను. కిందటి వేసవినుంచి కనబడిన ప్రతివాడూ నన్నొక్కటే ప్రశ్న అడుగుతున్నాడు: ఇంజను లేని బండిని ఎవడైనా కొంటాడా?

కొంటాడు. నేను కొన్నాను.

పలమనేరుకు దగ్గర్లో ఒక మామిడితోపులో, రేకుల కొట్టం కింద ఆ జీపు పడి ఉండేది. మహీంద్రా సి.జె. 3బి. ఆర్.సి. ప్రకారం మొదటి రిజిస్ట్రేషను 1971లో. ఇంజను బరువు లేక ముందు కమాన్లు పైకి లేచి, బండి మోర ఎత్తిన కోడెలా నిలబడి ఉంది. ఇంజను సంగతి అడిగితే తోట యజమాని, "ఎప్పుడో రిపేరుకని దించి షెడ్డుకు పంపితిమప్పా, అది మళ్లా ఇంటికి రాలా. పాత ఇనుము కింద తూకానికి పోయిందన్నారు" అన్నాడు. ధర 38 వేలు.

ఆ డబ్బు నాదే. ఇంటర్ చదివేటప్పుడు నేను పెంచిన పెయ్యను అమ్మితే వచ్చింది. నాదే అన్నమాటేగానీ, రైతు ఇంట్లో ఒకడి డబ్బంటూ ఎక్కడుంటుంది? ఆ ఏడు మా బోరులో నీళ్లు తగ్గిపోయాయి. మల్బరీ తోట సగం ఎండింది. ట్రాక్టరుకు కట్టి జీపును వాకిట్లోకి ఈడ్చుకొస్తే, మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి చూసి, "ఏంటికిరా ఇది? దీనికేమన్నా ఎద్దుల్ని కట్టి తోలేదా?" అన్నాడు. తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం అందులో కోళ్లగంప పెట్టుకుంది.

అమెరికాలో ఇది పిచ్చితనం కింద లెక్క కాదు. అక్కడ మజిల్ కార్లని ఉన్నాయి. మామూలు సైజు కారులో పెద్ద వి-8 ఇంజను బిగించినవి. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఆ మోజు మొదలైందని చెబుతారు. పందేలలో ఇంజన్లు చెడగొట్టుకుని మిగిలిన డొక్కులను కొని, ఏళ్ల తరబడి బాగుచేసుకునేవాళ్లు అక్కడ వేలమంది ఉన్నారు. ఫ్యాక్టరీలో బిగించిన అదే నంబరు ఇంజను ఉన్న కారుకు ధర ఎక్కువ. ఆ కార్లు మన పలమనేరు దాకా రాలేదు. వచ్చిన అమెరికా బండి జీపు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంకోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు వీటిని లక్షల సంఖ్యలో తయారుచేశాయి. ఆ తర్వాత మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. మన తాతల తరానికి జీపంటే తాసిల్దారు, పోలీసు, ఎలక్షను.

సి.జె. 3బికి బానెట్ ఎందుకంత ఎత్తుగా ఉంటుందో చాలామందికి తెలియదు. నాకూ కొన్న తర్వాతే తెలిసింది. అంతకుముందు జీపుల ఇంజన్లలో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండేవి. దీనికి పెట్టిన హరికేన్ ఇంజనులో పొగను పంపే వాల్వులు మాత్రమే బ్లాకులో ఉండి, పెట్రోలును, గాలిని లోపలికి తీసుకునేవి పైన హెడ్డులోకి వెళ్లాయి. దాంతో ఇంజను ఎత్తు పెరిగింది, దానికోసం బానెట్ కూడా లేపారు. అంటే మా వాకిట్లో ఉన్న ఆ రేకు, లేని ఇంజను కొలతకే ఉంది. ఆటో సైకిలు బొమ్మ గీసి ఫిజిక్సులో మార్కులు తెచ్చుకున్నవాణ్నే. ఇంత చిన్న సంగతి ఏ పాఠంలోనూ నా తలకెక్కలేదు.

ఇప్పుడు అసలు తగాదా. దీనికి ఏ ఇంజను పెట్టాలి?

మెకానిక్కులంతా డీజిలు పెట్టమన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపిన తర్వాత పెట్రోలు బండి రైతుకు ఏనుగు మేత అయింది. పెట్రోలు ఇంజను దించి డీజిలు ఎక్కించుకున్న జీపులు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. తర్వాత మహీంద్రావారే ప్యుజో డీజిలు ఇంజనుతో జీపులు తెచ్చారు. అలా మార్చుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. మార్చబట్టే ఆ బండ్లు బతికాయి. కానీ నా జీపులో మార్చడానికి ఏమీ లేదు, కొత్తగా పెట్టుకోవాలి. దొరికిన డీజిలు ఇంజనల్లా పెడితే దాని బరువుకు కమాన్లు కుంగుతాయి, గేరుపెట్టెకు అతకడానికి అడాప్టర్ ప్లేటు కావాలి, ఆ అదురుకు పాత గేర్లు ఎన్నాళ్లు తట్టుకుంటాయో చెప్పలేం. కాబట్టి హరికేనే పెట్టాలని నా పట్టు.

అది విని ఇంకో వర్గం లేచింది. "అయితే వింటేజ్ నంబరు తెచ్చుకో, కార్ల ప్రదర్శనలకు తీసుకుపోవచ్చు" అని. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు లేని బండికి 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ బండిని రోడ్డుమీద రోజువారీ పనికి తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే తీయాలి. బంగళాలో నాలుగు కార్లున్నవారికి అది సరిపోతుంది. మా నాయనకు నేనేమని చెప్పాలి? పెయ్యను అమ్మిన డబ్బుతో, పాలక్యాను మోయకూడని బండి తెచ్చానని చెప్పనా? ఆ నిబంధన రాసినవారి దృష్టిలో పాతబండి అంటే చూసే వస్తువు. మాకది పని వస్తువు. మామూలు రిజిస్ట్రేషనులోనే ఫిట్‌నెస్ చేయించి, ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటాను. పాత బకాయిలు కట్టాలి, కొత్త ఇంజను నంబరు ఆర్.సి.లో ఎక్కించాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. తిరుగుతాను.

నాలాగా ఎవరైనా దిగదలిస్తే నేను చేసిన పొరపాటు చెబుతాను. చాసిస్ నంబరు చూడకుండానే డబ్బిచ్చేశాను. ఇంటికొచ్చాక చూస్తే నంబరు ఉండాల్సిన చోట తుప్పు, పైన రెండుపూతల రంగు. ఆ రాత్రి నాకు నిద్రలేదు. ఇంజను ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఆ నంబరు లేకపోతే ఆర్.సి. చిత్తుకాగితం, జీపు పాత ఇనుము, పెయ్య పోయినట్టే. తెల్లారి కిరసనాయిలు పోసి, గుడ్డపెట్టి మూడు గంటలు రుద్దాను. ఒక్కో అంకె తేలుతుంటే ఆర్.సి. పట్టుకుని చదివి సరిచూసింది మా నాయనే. ఆఖరి అంకె కలిసిందాకా ఏమీ అనలేదు. కలిసినాక, "సరే, 29, 30 ఫారాలమీద ఆయప్పతో ఈ పొద్దే సంతకాలు పెట్టించుకోనిరా, మళ్లా మాట మారుస్తాడు" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది.

బెంగుళూరు జె.సి. రోడ్డులో రెండుసార్లు వెతికాను. ఒకచోట హరికేన్ ఇంజను కనబడింది గానీ బ్లాకు పగిలి ఉంది. పూర్వ విద్యార్థులకు మనవి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మీ షెడ్డులోగాని, మామగారి కొట్టంలోగాని అలాంటి ఇంజను పడి ఉంటే కాలేజీ యూనియన్ ఆఫీసుకు కబురు పెట్టండి. పిస్టన్లు పట్టేసినా ఫరవాలేదు, బ్లాకు పగలకుండా ఉంటే చాలు. ధర సంగతి మాత్రం మా నాయనతో మాట్లాడాలి. ఈసారి డబ్బు ఆయన దగ్గరుంది.